మహాసభకు ముందటి పాఠశాల: త్రిపురాంతకం నుంచి కొత్తపట్నం దాకా

తెలుగునాట ఒక మహాసభ జరిగితే దానికి సాక్ష్యాలు మిగులుతాయి. అధ్యక్షోపన్యాసం అచ్చవుతుంది, తీర్మానాలు పత్రికలకెక్కుతాయి, ఆహ్వానసంఘం వారి ఛాయాచిత్రం ఏదో ఒక ఇంటి గోడమీద దశాబ్దాల తరబడి నిలుస్తుంది. ఆ సభకు ముందు వారం పదిరోజులపాటు, ఒక్కొక్కప్పుడు నెలరోజులపాటు, ఏ తోటలోనో, ఏ బడి ఆవరణలోనో నడిచిన తరగతులకు అటువంటి సాక్ష్యం అరుదు. అయినా గత శతాబ్దిలో ఆంధ్రదేశపు ప్రజాజీవితాన్ని మలచిన భావాలలో అధికభాగం సభావేదికమీద పుట్టినవి కావనీ, వేదికనెక్కే నాటికే అవి తరగతిలో వాదానికి నిలిచి, పాటలో పదునెక్కి, కార్యకర్త నోట స్థిరపడి ఉండేవనీ ఆ కాలపు చరిత్రను శ్రద్ధగా చదివినవారికి స్పష్టమవుతుంది. తత్త్వబోధనూ కళాశిక్షణనూ ఒకేచోట చేర్చి, జనసమ్మేళనానికి ముందుగా కొద్దిమందిని సిద్ధంచేసే ఈ పద్ధతికి మన ప్రాంతంలో పూర్వాపరాలు ఏమిటో, అది ఎక్కడ ఫలించిందో, ఎక్కడ దారితప్పిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యర్రగొండపాలెం నుంచి ఈ చరిత్రను చూడటానికి తగిన కారణం ఉంది. మార్కాపురం నుంచి మాచర్ల వైపు పోయే దారిలో, నల్లమల అంచున వెలసిన ఈ ఊరికి చేరువలోనే త్రిపురాంతకం ఉంది. శ్రీశైల క్షేత్రానికి తూర్పు ద్వారమని దానికి ప్రసిద్ధి. కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడు, కొండ దిగువన చెరువు నడుమ బాలాత్రిపురసుందరి కొలువుదీరిన ఆ క్షేత్రం ఇప్పుడు యాత్రాస్థలంగా మాత్రమే పరిచితం. కాకతీయుల కాలంలో అది గోళకీమఠ శైవాచార్యుల విద్యాపరంపరలో భాగం. శ్రీశైలం, పుష్పగిరి మొదలైన చోట్ల వలెనే ఇక్కడ కూడా ఆ మఠశాఖ వర్ధిల్లింది.

గోళకీమఠం ఆంధ్రదేశంలో పుట్టినది కాదు. నర్మదా పరిసరాల్లోని డాహల మండలంలో, కాలచురి రాజుల ఆదరంతో అది వేళ్లూనింది. మూలపురుషుడైన సద్భావశంభువుకు యువరాజదేవుడు మూడు లక్షల గ్రామాలను సమర్పించాడని శాసనం చెబుతుంది. ఆ సంఖ్యను ప్రశస్తిగా గ్రహించినా, మఠానికి దక్కిన రాజగౌరవం ఎంతటిదో అది సూచిస్తుంది. ఆ పరంపరకు చెందిన విశ్వేశ్వరశివాచార్యుడు గౌడదేశంలోని రాఢ ప్రాంతంలో జన్మించి, దక్షిణానికి తరలివచ్చి, కాకతీయ గణపతిదేవునికి దీక్షాగురువయ్యాడు. ఒక వంగదేశీయుడు, మధ్యభారతంలో రూపొందిన ఆగమసంప్రదాయాన్ని వెంటబెట్టుకుని, కృష్ణాతీరంలో తెలుగు రాజుకు గురువుగా నిలవడం ఆ యుగంలో విద్యకు ఎల్లలు లేవనడానికి నిదర్శనం.

ఈ ఆచార్యునికి రుద్రమదేవి చేసిన దానాన్ని వివరించే మల్కాపురం శాసనం క్రీ.శ. 1261 నాటిది. కృష్ణకు దక్షిణాన ఉన్న మందడం గ్రామం, దానితోపాటు వెలగపూడి, ఆ దానంలో భాగాలు. ఇవాళ రాష్ట్ర సచివాలయం నడుస్తున్నది ఆ వెలగపూడిలోనే. ఆదాయాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి శివాలయానికి, ఒకటి విద్యార్థులకూ శైవమఠానికీ, మూడవది ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ విప్రసత్రానికీ కేటాయించారు. వేదాలకు ముగ్గురు ఉపాధ్యాయులు. వ్యాకరణ మీమాంసా తర్క సాహిత్య ఆగమాలకు అయిదుగురు. వారితోపాటు ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు. అదే జాబితాలో, అదే శాసనభాషలో, పదిమంది నర్తకీమణులు, మర్దలవాద్యకారులు, కాశ్మీరదేశపు గాయకుడొకడు, పద్నాలుగురు గాయనులు కనిపిస్తారు. ఆపై కంసాలి, కమ్మరి, వడ్రంగి, శిల్పి, కుమ్మరి మొదలైన పనివారి వరస. తర్కం చెప్పేవాడికీ మద్దెల వాయించేవాడికీ జీవనాధారం ఒకే భూమినుంచి, ఒకే పత్రంతో ఏర్పాటు కావడం గమనింపదగినది. విద్యను శాస్త్రమనీ కళయనీ వేరువేరు అరలుగా విడదీయడం ఆ దాతకు గాని ఆ గురువుకు గాని తోచలేదు.

అట్లని ఆ వ్యవస్థను ఆదర్శంగా ఎత్తిపట్టడం న్యాయం కాదు. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని దాకా ఎవరికీ అన్నం లేదనకూడదని శాసించిన ఆ పత్రమే, వేదపాఠం చెప్పే గదిలోకి అందరినీ రానిచ్చిందని చెప్పలేము. ఆ పాఠాలకు ఆధారమైన ధాన్యాన్ని పండించిన రైతు పేరు శాసనంలో లేదు; నర్తకీమణుల సంఖ్య ఉన్నది, వారి మాట లేదు. కాబట్టి గోళకీమఠాన్ని ఆధునిక విద్యాశిబిరాలకు పూర్వరూపమనడం కంటే, తత్త్వమూ కళా ఒకే కప్పు కింద నివసించడం ఈ నేలకు కొత్త కాదనడానికి ప్రమాణంగా స్వీకరించడమే సముచితం.

మఠంలోని చదువు సంవత్సరం పొడవునా సాగినా, దాని ఫలం జనం కంటబడేది జాతర సమయంలోనే. శివరాత్రికి చలి శివశివా అని పోతుందని మనవాళ్లంటారు. ఎండలు మొదలయ్యే ఆ సంధికాలంలోనే శ్రీశైలానికి జనప్రవాహం సాగేది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రి నాటి ఆ సమ్మేళనాన్ని, అక్కడి ఆటలనూ పాటలనూ వేషాలనూ బొమ్మలాటలనూ విస్తారంగా వర్ణించాడు. సోమనాథుని పక్షం మఠాచార్యుల పక్షం కాదు. ఆగమశైవుల సంస్కృత పాండిత్యానికి ఎదురుగా, జాను తెనుగులో, ద్విపదలో, జనుల పాటలకు చేరువైన నడకలో శివభక్తిని ప్రచారంచేయాలన్నది వీరశైవుల సంకల్పం. ఒక పక్క నిష్ణాతులైన కొద్దిమంది, మరొక పక్క పాడుకుంటూ కొండెక్కే వేలమంది. ఈ ఇద్దరి మధ్య వంతెన వేయగలిగినది శాస్త్రం కాదు, కళ. ఈ సత్యాన్ని తెలుగుదేశంలో గుర్తించి ఆచరణలో పెట్టినవారిలో సోమనాథుడు అగ్రగణ్యుడు. అతని వాదంలోని తీవ్రతను, పరమతాలపట్ల అతనికున్న అసహనాన్ని ఒప్పుకోనివారు కూడా ఈ ఘనతను కాదనలేరు.

కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన తరువాత మఠవిద్య క్రమంగా క్షీణించింది. విజయనగర కాలంలో క్షేత్రాలకు దానాలు లభించినా, తత్త్వశాస్త్ర శిక్షణకు కేంద్రాలుగా ఈ కొండప్రాంతపు మఠాలు మళ్లీ ఆ స్థాయినందుకోలేదు. కుంఫిణీ పాలన వచ్చి, మార్కాపురం, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో కలిసి, పాలనాకేంద్రానికి దూరమై, వర్షాధారపు మెట్టసాగుకు పరిమితమైన ఆ సుదీర్ఘకాలాన్ని మన ప్రస్తుతాంశం దృష్ట్యా వేగంగా దాటిపోవచ్చు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో గ్రంథాలయోద్యమం, తరువాత జాతీయోద్యమం ఊరూరికీ పత్రికనూ ఉపన్యాసాన్నీ తెచ్చాయి. విన్నదాన్ని క్రమంగా చర్చించి నేర్చుకునే ఏర్పాటు మాత్రం ఇంకా రావలసి ఉంది.

అది 1930వ దశకంలో వచ్చింది. వచ్చినది వేసవి పాఠశాల రూపంలో. ఎందుకు వేసవి అన్న ప్రశ్నకు సమాధానం సులభంగానే దొరుకుతుంది: కళాశాలలకు సెలవులు, పొలాలకు విశ్రాంతి, గాదెల్లో అంతో ఇంతో ధాన్యం, తాటాకు పందిరి వేస్తే చాలు, వానభయం లేకుండా పదుల సంఖ్యలో యువకులు కూర్చోగల చోటు. అంతకంటే లోతైన కారణాలు రాజకీయ పరిస్థితిలో ఉన్నాయి. శాసనోల్లంఘనోద్యమంలో జైలుకు వెళ్లిన యువకులు అక్కడ సోషలిజాన్ని చదివి, గాంధీమార్గం పట్ల సంశయాలతో వెలుపలికి వచ్చారు. ప్రపంచవ్యాప్తమైన ఆర్థికమాంద్యం ధాన్యపు ధరలను కూలదోసి, అప్పుల్లో ఉన్న రైతును మరింత కుంగదీసింది. 1934లో కమ్యూనిస్టు పార్టీని ప్రభుత్వం నిషేధించింది. అదే సంవత్సరం కాంగ్రెస్‌లోనే సోషలిస్టు పార్టీ ఏర్పడి, నిషిద్ధులైన వారికి కూడా బహిరంగంగా మాట్లాడే చోటు కల్పించింది. సంఘం పెట్టడానికి వీలులేనివారికి బడి పెట్టడం మిగిలిన మార్గం.

ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలులో నెలకొల్పిన రైతాంగ విద్యాలయం ఈ దిశలో ముందడుగు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివివచ్చిన రంగా, రైతుకు శిస్తు లెక్క, వడ్డీ లెక్క, చట్టం, సభానిర్వహణ నేర్పితే తప్ప రైతుసంఘం నిలవదని గ్రహించాడు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడి, స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడుగా, రంగా ప్రధానకార్యదర్శిగా ఎన్నికయ్యేనాటికి ఆంధ్రలో దానికి తగిన కార్యకర్తలు సిద్ధంగా ఉండటం యాదృచ్ఛికం కాదు.

అయితే ఈ చరిత్రలో కేంద్రస్థానం కొత్తపట్నానిదే. ఇప్పటి ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు ఆగ్నేయంగా సముద్రతీరంలో ఉన్న ఈ ఊరు అప్పట్లో గుంటూరు జిల్లాలోది. 1937 వేసవిలో ఆంధ్ర సోషలిస్టులు ఇక్కడ రాజకీయ ఆర్థిక పాఠశాలను ఏర్పాటుచేసి, వివిధ జిల్లాల నుంచి యువకులను రప్పించారు. కాలం సున్నితమైనది. ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ పదవీస్వీకారానికి ఇంకా వెనుకాడుతుండగా, మద్రాసులో కూర్మా వెంకటరెడ్డినాయుడి తాత్కాలిక మంత్రివర్గం అధికారంలో ఉంది. ప్రజాభిప్రాయపు బలం లేని ప్రభుత్వానికి భయం ఎక్కువ. పాఠశాలను నిషేధించారు, విద్యార్థులు కదలకపోతే పోలీసులు లాఠీలు ఝళిపించారు, నిర్బంధించారు. అర్థశాస్త్రపు పాఠం వినడానికి వచ్చిన యువకుడు ఆ ఇసుకతిన్నెలమీద రాజ్యమంటే ఏమిటో ప్రత్యక్షంగా నేర్చుకున్నాడు. ఆ ఏటి జూలైలో రాజాజీ మంత్రివర్గం వచ్చాక వాతావరణం కొంత తేటపడింది. మరుసటి వేసవిలో, 1938లో, మంతెనవారిపాలెంలో మళ్లీ పాఠశాల జరిగింది.

ఈ పాఠశాలల విలువను అంచనావేసేటప్పుడు రెండు అతిశయోక్తులను పరిహరించాలి. ఆంధ్రలో కమ్యూనిస్టు ఉద్యమం ఇక్కడే పుట్టిందనడం ఒకటి. 1934 నాటికే పుచ్చలపల్లి సుందరయ్య ప్రభృతులు దానికి బీజాలు వేశారు. ఇవి కేవలం పార్టీలో చేర్చుకోవడానికి పన్నిన వలలనడం రెండవది. పాఠ్యాంశాల్లో చరిత్ర ఉంది, ఆర్థికం ఉంది, ప్రపంచ రాజకీయం ఉంది. అధ్యాపకులూ విద్యార్థులూ ఒకే పందిరి కింద తిని, ఒకే చాపమీద పడుకుని, కులభేదాన్ని కొన్నాళ్లపాటైనా పక్కనపెట్టారు. ఆ సహవాసం స్వయంగా ఒక పాఠమే. లోపమేమిటంటే, ఇంగ్లీషు పుస్తకాలనుంచి వచ్చిన భావాలు ఇంకా ఇంగ్లీషు వాసనతోనే ఉండేవి. చదువుకున్న యువకుడికి బోధపడినది అతని తల్లికి, పాలేరుకు, పొరుగింటి నేతగాడికి చేరే దారి తెరచుకోలేదు.

ఆ దారిని తెరచినది కళ. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది. అదే సంవత్సరం మే నెలలో, బొంబాయిలో, కమ్యూనిస్టు పార్టీ తొలి మహాసభ జరుగుతున్న రోజుల్లోనే ప్రజానాట్య సంఘం అఖిలభారత స్థాయిలో అవతరించింది. ఆంధ్రలో దాని రూపమే గరికపాటి రాజారావు ప్రభృతుల ప్రజానాట్యమండలి. 1944 మార్చిలో బెజవాడలో కిసాన్ సభ అఖిలభారత మహాసభ జరిగేనాటికి ఊళ్లలో పాట తెలిసిన యువకులను, గజ్జె కట్టగల కూలీలను పోగుచేసి, శిక్షణ ఇచ్చి, దళాలుగా పంపే పద్ధతి స్థిరపడసాగింది.

ఈ శిక్షణలో బుర్రకథకు దక్కిన ప్రాధాన్యం కారణంలేనిది కాదు. ముగ్గురుంటే చాలు: నడుమ తంబుర భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడిగి కథ నడిపే కథకుడు, ఇరువైపులా గుమ్మెటలతో వంతలు. తెర అక్కరలేదు, రంగస్థలం అక్కరలేదు, రచ్చబండ ఎత్తు సరిపోతుంది. అసలు విశేషం వంతల విధుల్లో ఉంది. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ ఉద్ధృతంగా సాగుతుండగా రాజకీయం చెప్పే వంత అడ్డుపడి, ఇంతకీ ఈ పన్ను ఎవరు వేశారు, ఎవరు కట్టారు అని అడుగుతాడు. హాస్యం చెప్పేవాడు పామరుని పక్షాన అపార్థం చేసుకుంటాడు. కథకుడు ఇద్దరికీ సమాధానం చెప్పి, తందాన తానతో కథను మళ్లీ పట్టాలమీదికి తెస్తాడు. ప్రశ్న, సందేహం, సమాధానం, తిరిగి కథ. తరగతి గదిలో అధ్యాపకుడు అనుసరించవలసిన క్రమం ఏదో అది ఈ జానపదరూపంలో ముందే ఇమిడి ఉంది. పాత జంగంకథలనుంచి వచ్చిన ఈ అమరికను కొత్త వస్తువుకు అన్వయించడంలో గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ చూపిన ప్రతిభ అసామాన్యం. పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి కథను, అల్లూరి సీతారామరాజు కథను ఆయన గొంతులో విన్న జనానికి చరిత్ర తమ ఇంటి సంగతిగా తోచింది. ఆయన స్వయంగా పాడటమే కాక ఎందరికో నేర్పాడు, 1986లో పద్మశ్రీ పురస్కారం పొందాడు, 1997లో కన్నుమూశాడు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మాభూమి నాటకం 1947లో వెలువడి, తెలంగాణ రైతాంగ పోరాటాన్ని తీరాంధ్ర ప్రేక్షకుల ముందు నిలిపింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. కొత్తపట్నంలో పాఠానికి భయపడిన పాలకులు పదేళ్లు తిరిగేసరికి పాటకు, నాటకానికి భయపడవలసి వచ్చిందంటే, ఉద్యమకేంద్రం తరగతిగది నుంచి ఊరి నడిబొడ్డుకు ఎంత త్వరగా కదిలిందో తెలుస్తుంది.

ఇదే కాలంలో, తక్కువ సంఖ్యతో, తక్కువ సందడితో, మరొక సంప్రదాయం రూపుదిద్దుకుంది. ఎం.ఎన్. రాయ్ 1946 మే నెలలో డెహ్రాడూన్‌లో తన రాడికల్ డెమొక్రటిక్ పార్టీ వారికోసం అధ్యయన శిబిరం నడిపాడు. మార్క్సిజాన్నీ పార్టీ వ్యవస్థనూ పునాదులనుంచి పునర్విచారించిన ఆ శిబిరపు చర్చలే పరిపక్వమై, డిసెంబరులో బొంబాయి మహాసభ ఆమోదించిన ఇరవైరెండు సూత్రాలయ్యాయి. మరి రెండేళ్లకు, 1948 డిసెంబరులో కలకత్తాలో, ఆ పార్టీ తన్నుతాను రద్దుచేసుకుంది. మహాసభకు ముందు జరిగిన అధ్యయనం మహాసభనే మార్చివేసి, చివరకు ఆ సభను జరిపే పార్టీనే అనవసరమని తేల్చడం ప్రపంచచరిత్రలో అరుదైన ఉదంతం. అధ్యయనాన్ని నిజాయితీగా సాగిస్తే అది ఎక్కడికి తీసుకుపోతుందో ముందుగా చెప్పలేమనడానికి దీనికంటే బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

రాయ్ భావాలు తెలుగునాట సాహిత్యవేత్తలద్వారా ప్రవేశించాయి. విశాఖలో నటాలి నాటకసంస్థను నడిపిన అబ్బూరి రామకృష్ణారావు, అసమర్థుని జీవయాత్ర రచించిన గోపీచంద్, కీలుబొమ్మలు నవలాకారుడు జి.వి. కృష్ణారావు, తెనాలి న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి ఈ వరుసలోనివారు. ఉమ్మడి ప్రకాశం జిల్లాకు సంబంధించినంతవరకు రావిపూడి వెంకటాద్రి పేరు ప్రత్యేకంగా స్మరణీయం. 1922లో నాగండ్లలో జన్మించిన ఆయన, ‘కవిరాజు’గా పేరొందిన హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి మరణించిన 1943లోనే ఆ ఊళ్లో కవిరాజ ఆశ్రమాన్ని స్థాపించి, ఆ తరువాత ఎనభై ఏళ్లపాటు తత్త్వశాస్త్రాన్ని తెలుగులో, గ్రామీణ శ్రోతకు అర్థమయ్యే వాక్యంలో బోధించాడు. ఒకే ఊరికి దశాబ్దాల తరబడి సర్పంచిగా ఉంటూ, మరొక పక్క కాంట్, హెగెల్, మార్క్స్, రాయ్‌లను చర్చకు పెట్టిన వ్యక్తి 2023లో కన్నుమూసేదాకా మన ఉమ్మడి జిల్లాలో ఉండేవాడన్న సంగతి పశ్చిమ ప్రాంతంలో ఎందరికో తెలియకపోవడం విచారకరం. రాయ్ బాటలో నడిచిన ఈ హేతువాదుల, మానవవాదుల తరగతులకు ఉన్న బలం ప్రశ్నకు ఇచ్చిన స్వేచ్ఛ. వారి బలహీనత పాటను నమ్ముకోకపోవడం. తర్కం వారిని లోతుకు తీసుకుపోయింది, విస్తృతికి కాదు.

ఈ రెండు ప్రవాహాలూ ప్రధానంగా కాలువనీటి పల్లెల్లో పారాయి. నిడుబ్రోలు, తెనాలి, మంతెనవారిపాలెం, నాగండ్ల అన్నీ తూర్పున, రైలుదారికీ చదువుకూ చేరువైనవి. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం మాత్రం 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాకు తూర్పు కొసన ఉండిపోయాయి. మిగులు ధాన్యం లేనిచోట నెలరోజుల పాఠశాలకు అన్నం పెట్టడం కష్టం. వేసవి వస్తే ఇక్కడి కూలీకి విశ్రాంతి కాదు, వలస. పశ్చిమాన తరగతులు తక్కువగా జరగడానికి ఆసక్తి లేకపోవడం కాదు, ఈ భౌతిక పరిస్థితే కారణమని నా అభిప్రాయం. అయినా ఉద్యమం ఇక్కడికి చేరలేదనడం తప్పు. శాసనసభ్యుడుగా పనిచేసిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరును, శ్రీశైలం జలాశయంనుంచి సొరంగాలద్వారా 43.5 టి.ఎం.సీ.ల కృష్ణాజలాలను ఈ మెట్టప్రాంతానికి మళ్లించడానికి ఉద్దేశించిన వెలిగొండ పథకానికి పెట్టుకున్నారు.

నల్లమలకు తత్త్వమూ పాటా బలంగా చేరినది 1970ల తరువాతనే. 1978 నుంచి నక్సలైటు ఉద్యమానికి చెందిన రాడికల్ విద్యార్థులు వేసవి సెలవుల్లో గ్రామాలకు తరలిపోయే కార్యక్రమం చేపట్టారు. ముందు రాజకీయ తరగతులు, తరువాత చిన్న దళాలుగా పల్లెల్లో పాటలు, వీధినాటికలు, కూలీ భూమి సమస్యల సేకరణ, చివర సభ. క్రమం కొత్తపట్నం నాటిదే. గొంతు ప్రజానాట్యమండలి నాటిదే. త్యాగబుద్ధితో వెళ్లిన ఆ యువకుల చిత్తశుద్ధిని శంకించలేము. భూమిలేనివాడి గోడును చదువుకున్న లోకానికి వినిపించడంలో వారు సాధించినది తక్కువ కాదు. కాని ఆయుధం ప్రవేశించిన చోట తరగతి స్వభావం మారిపోయింది. సమాధానం ముందే నిశ్చయమైన చోట ప్రశ్న అవిధేయతగా కనిపిస్తుంది. మరొక పక్క రాజ్యం, తరగతికి వెళ్లినవాడికీ తుపాకి పట్టినవాడికీ తేడా చూడటం మానేసి, ఎదురుకాల్పుల పేరిట ఎందరినో బలితీసుకుంది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు మావోయిస్టు ప్రతినిధులు దోర్నాల వైపు చిన్నారుట్ల దగ్గరే అడవి వెలుపలికి వచ్చారు. ఆ చర్చలు ఫలించలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఈ చుట్టుపక్కల పల్లెలు రెండువైపులనుంచీ మూల్యం చెల్లించాయి.

1978కీ 2004కీ నడుమ, పొరుగున నెల్లూరు జిల్లాలో, ఇదే పద్ధతిని ప్రభుత్వమూ స్వచ్ఛందకార్యకర్తలూ కలిసి అనుసరించి మరొక ఫలితాన్ని సాధించారు. 1990 ప్రాంతంలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమానికి నాందిగా కళాజాతా దళాలకు శిబిరాల్లో పాట, నాటిక, సంభాషణ నేర్పి ఊళ్లకు పంపారు. వాచకంలోని పాఠాలు ఆడవాళ్లు రాత్రిబడిలో తమ బతుకును చర్చించుకునేలా కూర్చబడ్డాయి. దూబగుంటలో మొదలైన సారావ్యతిరేక పోరాటం ఆ చర్చలనుంచే ఎగసి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. నిషేధం నిలవలేదన్నది వేరే విషయం. అక్షరం దిద్దడానికి వచ్చిన స్త్రీలు శాసనాన్ని మార్పించారన్నది చరిత్ర. తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుకున్న రాతిపలకలను తరతరాలుగా సరఫరాచేసినది మన మార్కాపురం. ఆ పలక గనుల్లో, కార్ఖానాల్లో పనిచేసిన తల్లులకు అటువంటి రాత్రిబడి అంతే శ్రద్ధతో అందలేదన్న బాధ ఈ ప్రాంతపు చరిత్ర రాసేవారికి తప్పదు.

ఈ దీర్ఘపరంపరను పరిశీలించాక నాకు తోచిన తీర్పు ఇది. తరగతి మహాసభకు సేవకురాలైన చోటల్లా కార్యకర్తలు తయారయ్యారు. తరగతి మహాసభను ప్రశ్నించగలిగిన చోట మాత్రమే ఆలోచనాపరులు తయారయ్యారు. కళను తత్త్వానికి వాహనంగా మాత్రమే వాడినవారు కొద్దికాలంలో గొప్ప విజయాలు సాధించి, వాహనం అరిగిపోగానే ఆగిపోయారు. కళాకారుని వివేకాన్ని గౌరవించిన నాజర్ వంటివారి కృషి ఉద్యమాలు చల్లారాక కూడా నిలిచింది. గోళకీమఠం నాటినుంచీ ఇక్కడ కొరవడినది పాండిత్యం కాదు, కంఠమాధుర్యం కాదు. తరగతి గదిలోకి ఎవరు రావచ్చునన్న విషయంలో ఔదార్యం.

ఇప్పుడు కావలసిన పని ఒకటి ఉంది. యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం, దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు, కంభం ఇళ్లలో ఆనాటి తరగతుల్లో రాసుకున్న నోటుపుస్తకాలు, అచ్చుకాని బుర్రకథ ప్రతులు, దళాలు పాడిన పాటల చేతిరాతలు, కరపత్రాలు ఇంకా మిగిలి ఉండవచ్చు. వాటిని రాసినవారిలో బతికివున్నవారు వయోవృద్ధులు. చెదలకూ చెత్తబుట్టకూ పోకముందే వాటిని దగ్గరలోని శాఖా గ్రంథాలయానికో కళాశాల చరిత్రశాఖకో అప్పగించవలసిందిగా, పాడగలిగినవారి గొంతును నమోదుచేయవలసిందిగా ఈ ప్రాంతపు అధ్యాపకులనూ విద్యార్థులనూ కోరుతున్నాను.